ఒక పక్క మూగబోయిన పాత స్టీరియో రిసీవర్: లోపాన్ని ఎలా పట్టుకోవాలి

పాట వస్తూనే ఉంటుంది. గాత్రం వినిపిస్తుంది, మృదంగం వినిపిస్తుంది, వయొలిన్ మాత్రం వినిపించదు. లేచి వెళ్లి ఎడమ స్పీకర్‌కు చెవి ఆనిస్తే అందులో ఉలుకూ పలుకూ ఉండదు. రేడియో, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే పాత స్టీరియో రిసీవర్లకు ఇది చాలా మామూలు జబ్బు. విశాఖపట్నంలో మరీ మామూలు. ఓడల్లో పనిచేసిన వాళ్లు 1970లలో, 1980లలో సింగపూర్ నుంచి, జపాన్ నుంచి మోసుకొచ్చిన పయనీర్, సాన్‌సుయ్, కెన్‌వుడ్, మరాంట్జ్ పెట్టెలు ఈ ఊళ్లో ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటి లోపలి రాగికి, వెండిపూతకు నలభై ఏళ్లుగా ఉప్పుగాలి తగులుతూనే ఉంది.

మా బాబాయి రిసీవర్ సంగతే చెబుతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెదవాల్తేరులో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి గదంతా తడిసింది. పెట్టె మీద మందపాటి దుప్పటి కప్పి ఉండడం వల్ల నీళ్లు లోపలికి పోలేదు. కానీ కరెంటు వచ్చాక ఆన్ చేస్తే ఎడమ ఛానల్ లేదు. చూపించిన చోట శబ్దాన్ని పెంచే ట్రాన్సిస్టర్లు పోయాయన్నారు, ఆ పార్టులు ఇప్పుడు దొరకవన్నారు. నెలన్నర తర్వాత నేనే కూర్చుని చూస్తే ట్రాన్సిస్టర్లన్నీ క్షేమంగా ఉన్నాయి. ముందు పలక మీద ఉన్న టేప్ మానిటర్ స్విచ్ లోపల చిలుము పట్టింది, అంతే. అప్పటి నుంచి చుట్టాలవీ స్నేహితులవీ చూస్తూ వస్తున్నాను. నా చేతికి వచ్చిన వాటిలో చాలావాటికి ఒక్క పార్టు కూడా మార్చాల్సిన పని పడలేదు. అందుకే చెబుతున్నాను: ‘పాతది, ఇక లాభం లేదు’ అన్న మాట విని ఆ పెట్టెను పాత సామానుకు వేయకండి.

ఒక పక్కే పోవడం నిజానికి మేలు. స్టీరియో రిసీవర్‌లో ఎడమ, కుడి ఛానళ్లు కవల పిల్లల్లాంటివి. అవే పార్టులు, అవే విలువలు, చాలా పెట్టెల్లో ఒకే బోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. సర్క్యూట్ బొమ్మ దొరకకపోయినా, పలుకుతున్న ఛానల్‌ను కొలిస్తే పలకని దానిలో ఎంత ఉండాలో తెలిసిపోతుంది. పైగా కుడి పక్క పాడుతోందంటే రెండింటికీ ఉమ్మడిగా ఉండే ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్ ఫ్యూజు బాగున్నట్టే. ఇక్కడి నుంచి మీరు చేసే ప్రతి పనీ ఒక్కటే: బాగున్న పక్కను, బాగాలేని పక్కను పోల్చడం.

మూత తీయకుండానే

మొదట స్పీకర్లను తారుమారు చేయండి. పెట్టెను ఆఫ్ చేసి, వెనక ఎడమ స్పీకర్ వైర్లను కుడి టెర్మినళ్లకు, కుడివాటిని ఎడమకు తగిలించండి. ఆన్‌లో ఉండగా ఈ పని చేయకండి. రెండు తీగ చివరలు ఒక్క క్షణం తాకినా బాగున్న ఛానల్ కూడా పోవచ్చు. మార్చాక కూడా అదే స్పీకర్ మూగగా ఉంటే లోపం స్పీకర్‌లోనో వైరులోనో ఉంది. ఇంతకుముందు పలికిన స్పీకర్ ఇప్పుడు మూగబోతే లోపం రిసీవర్‌లో ఉంది. వైరును అనుమానించాల్సి వస్తే చివర అంగుళం మేర కత్తిరించి చూడండి. మన ఊళ్లో ప్లాస్టిక్ తొడుగు కింద కూడా రాగి నల్లగానో పచ్చగానో మారి ఉంటుంది. మెరిసే రాగి తగిలేదాకా కత్తిరించి, తొడుగు తీసి మళ్లీ బిగించండి.

లోపం రిసీవర్‌లోనే అని తేలితే, ఫోను నుంచి ఒక వైరుతో, బయటి పరికరాల కోసం ఉండే ఆక్స్ సాకెట్లకు పాట ఇచ్చి, ఆ ఎరుపు, తెలుపు ప్లగ్గులను తారుమారు చేయండి. మూగతనం కూడా పక్క మారితే తప్పు ఆ వైరుది. మారకపోతే ఒక్కో ఇన్‌పుట్‌నూ మార్చి చూడండి: ఎఫ్.ఎం., ఆక్స్, టేప్, ఫోనో. గ్రామఫోన్ కోసం ఉన్న ఫోనో సాకెట్‌కు మాత్రం ఫోను తగిలించకండి. అది కొద్ది మిల్లీవోల్టుల కోసం తయారైంది, ఫోను ఇచ్చేది దానికి వంద రెట్లు ఉంటుంది. గ్రామఫోన్ రికార్డు వేసినప్పుడు మాత్రమే ఒక పక్క పోతుంటే, లోపం చాలాసార్లు టర్న్‌టేబుల్ సూది వెనక ఉండే నాలుగు సన్నని తీగల దగ్గర ఉంటుంది. తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. ఒక్కొక్కటీ చిన్న పట్టకారుతో మెల్లగా లాగి మళ్లీ గుచ్చితే చాలు.

తర్వాత రెండు చిన్న పరీక్షలున్నాయి. ఖర్చు లేదు, ఫలితం మాత్రం పెద్దది. మొదటిది మీడియం వేవ్. మీడియం వేవ్ ప్రసారం మోనో కాబట్టి రిసీవర్ లోపల ఒకే శబ్దం రెండు ఛానళ్లకూ వెళుతుంది. ఆకాశవాణి విశాఖపట్నం పెట్టి చూడండి. స్టేషన్ దొరక్కపోయినా పరవాలేదు, ఆ గరగర చాలు. అది కూడా ఒకే పక్క వస్తుంటే లోపం ట్యూనర్, అంటే రేడియో భాగం, తర్వాత ఎక్కడో ఉంది. రెండోది మోనో మీట. మళ్లీ ఆక్స్‌కు వచ్చి మోనో నొక్కండి. రెండు పక్కలా పాట వస్తే లోపం ఆ మీటకు ముందు, అంటే ఇన్‌పుట్ సెలెక్టర్ దగ్గరో సాకెట్ల దగ్గరో ఉంది. మోనోలో కూడా మూగగానే ఉంటే లోపం మీట దాటాక ఉంది. బ్యాలెన్స్ నాబ్ నడిమధ్యలో ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. పిల్లలు తిప్పి వదిలేసిన బ్యాలెన్స్ నాబ్ వల్ల మెకానిక్ దాకా వెళ్లిన పెట్టెలున్నాయి.

వెనక పలక మీద ‘ప్రీ అవుట్’, ‘మెయిన్ ఇన్’ అని రాసి, వాటి మధ్య వంచిన లోహపు ముక్కలు గుచ్చి ఉంటే మీ పని సగం తేలికైనట్టే. రిసీవర్‌లో ఇన్‌పుట్‌ను ఎంచుకుని వాల్యూమ్, టోన్ సరిచేసే ప్రీయాంప్లిఫయర్ ఆ పక్క, స్పీకర్లను నడిపే పవర్ యాంప్లిఫయర్ ఈ పక్క అని విడదీసే గుమ్మం అది. ఆఫ్ చేసి ఆ ముక్కలు తీయండి. వైరుతో ఎడమ ప్రీ అవుట్‌ను కుడి మెయిన్ ఇన్‌కు, కుడి ప్రీ అవుట్‌ను ఎడమ మెయిన్ ఇన్‌కు కలపండి. వాల్యూమ్ బాగా తగ్గించి ఆన్ చేయండి. మూగతనం రెండో స్పీకర్‌కు మారితే లోపం ప్రీయాంప్లిఫయర్‌లో ఉంది. అదే స్పీకర్ మూగగా ఉండిపోతే పవర్ యాంప్లిఫయర్‌లో లేదా దాని తర్వాత ఉంది. రెండు పక్కలా పాట వచ్చేస్తే ఆ లోహపు ముక్కలదే తప్పు. వాటిని రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చండి. పెన్సిల్ గీతలు చెరిపే మామూలు తెల్ల రబ్బరు దీనికి చక్కగా సరిపోతుంది.

ఈ ముక్కలు లేని పెట్టెల్లో టేప్ అవుట్ సాకెట్లను వాడుకోండి. అక్కడ వచ్చే శబ్దం వాల్యూమ్‌కు ముందుది. వేరే యాంప్లిఫయర్‌కో, లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న స్పీకర్‌కో దాన్ని ఇచ్చి రెండు పక్కలా వస్తోందా లేదా వినండి. హెడ్‌ఫోన్ కూడా ఒక సాక్షి. అందులో రెండు పక్కలా వినిపించి స్పీకర్లలో వినిపించకపోతే రెండు జతల స్పీకర్లలో ఏది పలకాలో ఎంచుకునే ఏ-బీ స్పీకర్ స్విచ్‌నూ, వెనక టెర్మినళ్లనూ అనుమానించండి. కొన్ని రిసీవర్లలో స్పీకర్లను యాంప్లిఫయర్‌కు కలిపే, విడదీసే ఆటోమేటిక్ స్విచ్ అయిన రిలేనూ అనుమానించాలి.

మూత తీసే ముందు

ఇక్కడ తొందర పనికిరాదు. ముందు వెనక పలక చదవండి. జపాన్‌లో అమ్మకానికి చేసిన పెట్టె 100 వోల్టులది, అమెరికాది 120 వోల్టులది. మన గోడలో వచ్చేది 230. ఓడలో వచ్చిన వాటికి వెనక వోల్టేజీ మార్చే మీట ఉండడం మామూలే. అది 220 లేదా 240 దగ్గర ఉందో లేదో కళ్లారా చూడండి. ఆ మీట లేని 100, 120 వోల్టుల పెట్టెకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

తర్వాత సీరీస్ బల్బు బోర్డు. ఎలక్ట్రీషియన్లు వాడేదే. ఫేజ్ తీగలో 60 లేదా 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు ఒకటి వరసగా కలిపిన ప్లగ్ బోర్డు. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. స్పీకర్లు విప్పేసి రిసీవర్‌ను ఈ బోర్డు నుంచి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల పెద్ద షార్ట్ లేదు. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే వెంటనే ఆఫ్ చేయండి. బల్బు లేకుండా నేరుగా ఇచ్చి ఉంటే లోపల పార్టులు కాలేవి.

మూత తీసేది ప్లగ్ పీకాకే. అయినా లోపల ప్రమాదం మిగిలే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన డబ్బాల్లా నిలబడి ఉండే రెండు పెద్ద కెపాసిటర్లు కరెంటును దాచుకుంటాయి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి వాటిని ఖాళీ చేసేవాళ్లను చూశాను. ఆ మెరుపుకు కెపాసిటర్ లోపల దెబ్బతింటుంది, కంట్లో లోహపు రవ్వ పడవచ్చు. 100 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌కు తొడుగున్న తీగలు తగిలించి, ఒక్కో కెపాసిటర్ రెండు కొసల మధ్య పది సెకన్లు ఆనించండి. తర్వాత మల్టీమీటరుతో కొలిచి వోల్టు కన్నా తగ్గిందని తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి.

మొదట ఏదీ ముట్టుకోకుండా ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఆ తర్వాత టార్చి వేసి చూడండి, వాసన చూడండి. నల్లగా మాడిన రెసిస్టర్, ఉబ్బిన కెపాసిటర్, బోర్డు మీద గోధుమరంగు మరక ఉన్నాయేమో వెతకండి. మన దగ్గర ఇంకొకటి కూడా ఉంటుంది: బల్లి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వెచ్చగా ఉంటుందని గుడ్లు పెడుతుంది. ఒకసారి మహారాణిపేటలో ఒక స్నేహితుడి రిసీవర్‌లో ఎండిపోయిన బల్లి పిల్ల ఒకటి రెండు టంకం చుక్కల మీద అడ్డంగా అతుక్కుని కనిపించింది. కుంచెతో దాన్ని తీసి, ఆ చోటును స్పిరిట్‌తో తుడిస్తే ఛానల్ తిరిగి వచ్చింది.

స్విచ్‌లు, నాబ్‌లు

నా అనుభవంలో మొదటి ముద్దాయి టేప్ మానిటర్ స్విచ్. క్యాసెట్ డెక్ కోసం పెట్టిన మీట అది. మీరు జన్మలో డెక్ తగిలించకపోయినా, రేడియో కానీ రికార్డు కానీ ఫోను కానీ ప్రతి శబ్దమూ దాని లోపలి మెత్తని లోహపు నాలుకల గుండానే వెళ్లాలి. ఎవరూ దాన్ని కదపరు. ఇరవై, ముప్పై ఏళ్లు ఒకే చోట కదలకుండా నిలబడిన ఆ నాలుకల మీద వెండిపూత నల్లబడుతుంది. ఎడమ నాలుక, కుడి నాలుక వేరువేరు కాబట్టి ఒకటి ముందు పోతుంది, ఒకటి తర్వాత.

అందుకే మూత తీసే ముందే, ప్లగ్ పీకి, ముందు పలక మీద ఉన్న ప్రతి మీటనూ ముప్పైసార్లు అటూ ఇటూ ఆడించండి. ప్రతి నాబ్‌నూ ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పైసార్లు తిప్పండి. ఇది వింటే ఇంతేనా అనిపిస్తుంది కానీ, ఈ ఒక్క పనితో పలికిన పెట్టెలను నేను చూశాను. అయితే ఇలా వచ్చిన శబ్దం కొద్ది వారాల్లో మళ్లీ పోతుంది. లోపల కడగాలి.

కడగడానికి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే తీసుకోండి. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ పార్టుల దుకాణాల్లో అడగండి, లేకపోతే తెప్పించుకోండి. డబ్బా మీద కాంటాక్ట్ క్లీనర్ అని స్పష్టంగా ఉండాలి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వేయకండి. అది జిడ్డు మిగిల్చి దుమ్మును పోగేస్తుంది. కిరోసిన్, పెట్రోలు వద్దు. ఒకప్పుడు మెకానిక్కులు సి.టి.సి. అని ఒక ద్రావకం వాడేవారు. కార్బన్ టెట్రాక్లోరైడ్ అది. కాలేయానికి విషం, ఓజోన్ పొరకు హాని. మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని వాడుక నుంచి తప్పించారు. ఎవరి దగ్గరైనా పాత సీసా మిగిలి ఉన్నా ముట్టుకోకండి.

స్విచ్ వెనక చిన్న సందు ఉంటుంది. స్ప్రేకు ఇచ్చిన సన్నని గొట్టాన్ని అందులో పెట్టి అర సెకను మాత్రమే కొట్టి, వెంటనే ఇరవైసార్లు ఆడించండి. కిందికి కారే నల్లని ద్రవాన్ని పాత కాటన్ గుడ్డతో అద్దండి. రెండోసారి కొట్టండి. ఈసారి తెల్లగా వస్తే చాలు. వాల్యూమ్, బ్యాలెన్స్ నాబ్‌లకు మాత్రం కొద్దిగా జారుడు గుణం మిగిల్చే క్లీనర్ వాడాలి. ఉత్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేస్తే లోపలి గ్రీజు కొట్టుకుపోయి నాబ్ గరుకుగా తిరుగుతుంది. గాజు కాగితంతో దేనినీ రుద్దకండి, ఉన్న వెండిపూత లేచిపోతుంది. క్లీనర్ ఆరడానికి కనీసం ఒక గంట ఆగండి. వానాకాలం ఉక్కలో రాత్రంతా వదిలేయడం మంచిది.

రిలే

ఆన్ చేసిన కొద్ది సెకన్లకు లోపల ‘టక్’ మనే చప్పుడు వస్తుంది కదా, అదే స్పీకర్ రిలే. ఆ చప్పుడు చాలా చెబుతుంది. పవర్ యాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ పోతే స్పీకర్ వైపు నేరు కరెంటు (డీసీ) వెళ్లబోతుంది, రక్షణ సర్క్యూట్ దాన్ని పసిగట్టి రిలేను మూయనివ్వదు. అప్పుడు రెండు పక్కలా మూగే. కాబట్టి మీ రిసీవర్ ఒక పక్క పాడుతూ, టక్కుమంటూ ఉంటే, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయన్న మాటను తొందరపడి నమ్మకండి. బాబాయి పెట్టె విషయంలో నాకు ధైర్యం ఇచ్చింది ఆ చప్పుడే.

రిలేలో రెండు జతల కాంటాక్టులు ఉంటాయి, ఛానల్‌కు ఒక జత. ఒక జత మాడితే ఆ పక్క పోతుంది. దీనికి ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. తక్కువ వాల్యూమ్‌లో మూగగానో బొంగురుగానో ఉండి, వాల్యూమ్ గట్టిగా పెంచగానే ఒక్కసారి తెరుచుకుని పలుకుతుంది. తగ్గిస్తే కాసేపటికి మళ్లీ పోతుంది. ఈ గుర్తు కనిపిస్తే రిలే అని దాదాపు తేలిపోయినట్టే.

పారదర్శకమైన తొడుగు ఉన్న రిలే అయితే తొడుగు మెల్లగా పైకి లాగండి. టార్చి వేసి, భూతద్దం పెట్టి చూస్తే బాగున్న జత బూడిదరంగులో నున్నగా ఉంటుంది. పాడైన దాని మీద ఆవగింజ అంత నల్లని గుంట, చుట్టూ మసి కనిపిస్తాయి. విజిటింగ్ కార్డు నుంచి సన్నని ముక్క కత్తిరించి, ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మెత్తగా నొక్కి లాగండి. కార్డు మీద నల్లని చార వస్తుంది. చార రాకుండా పోయేదాకా చేయండి. ఇది తాత్కాలికం. గుంట పడిన రిలేను మార్చేయడమే సరైన పని. కాయిల్ వోల్టేజీ, కాళ్ల అమరిక పాతదానితో సరిపోవాలి. 24 వోల్టులవి ఎక్కువ కనిపిస్తాయి కానీ తొడుగు మీద రాసింది చదివి కొనండి.

పవర్ యాంప్లిఫయర్

లోపం ఇక్కడే అని తేలితే మొదట ఫ్యూజులు. కొన్ని రిసీవర్లలో ఒక్కో ఛానల్‌కు ప్లస్, మైనస్ సరఫరాలకు విడివిడిగా బోర్డు మీదే గాజు ఫ్యూజులు ఉంటాయి. ఒక ఛానల్‌కు చెందిన రెండూ పోతే ఆ పక్క పూర్తిగా చల్లబడిపోతుంది. నేరు కరెంటు కూడా ఉండదు కాబట్టి రిలే ఏమీ పట్టనట్టు టక్కుమంటుంది. రిలే గురించి నేను పైన చెప్పిన దానికి ఉన్న మినహాయింపు ఇదే. ఫ్యూజును కంటితో చూసి వదిలేయకండి, తీసి మీటరుతో కొలవండి. పోయి ఉంటే కొత్తది వేయకముందు ఎందుకు పోయిందో వెతకాలి. రాగి తీగ చుట్టి నడిపించడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

కారణం చాలాసార్లు షార్ట్ అయిన అవుట్‌పుట్ ట్రాన్సిస్టరే. ప్లగ్ పీకి, కెపాసిటర్లు ఖాళీ చేసి, మీటరును డయోడ్ గుర్తు దగ్గర పెట్టండి. ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లు బేస్, ఎమిటర్, కలెక్టర్. బేస్ నుంచి ఎమిటర్‌కు, బేస్ నుంచి కలెక్టర్‌కు ఒక దిశలో 0.5 నుంచి 0.6 వోల్టు రావాలి. కలెక్టర్, ఎమిటర్ల మధ్య సున్నా చూపి మీటరు మోగితే అది పోయింది. బోర్డులో ఉండగా కొలిస్తే పక్క పార్టులు లెక్కను మార్చేస్తాయి. అందుకే బాగున్న ఛానల్‌లో అదే ట్రాన్సిస్టర్‌ను అలాగే కొలిచి పోల్చండి. రెండు అంకెలూ ఒకేలా ఉంటే ముందుకు పదండి. ఎమిటర్ దగ్గర తెల్లని సిమెంటు రెసిస్టర్లు ఉంటాయి. 0.33, 0.47 ఓమ్ వంటి విలువలు. ట్రాన్సిస్టర్ షార్ట్ అయినప్పుడు అవి కూడా తెగిపోతుంటాయి, చూడండి.

ఆ తర్వాతే సీరీస్ బల్బు మీద కరెంటు ఇచ్చి కొలతలు. స్పీకర్లు విప్పే ఉంచండి. ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని కుడి చేత్తో మాత్రమే కొలవడం అలవాటు చేసుకోండి. మీటరు సూది జారి పక్క కాలిని తాకితే బాగున్న ట్రాన్సిస్టర్ క్షణంలో పోతుంది. సూదికి చివర రెండు మిల్లీమీటర్లు వదిలి మిగతాదంతా టేపు చుట్టండి. ప్లస్, మైనస్ సరఫరాలు దాదాపు సమానంగా ఉండాలి. బల్బు వల్ల అంకెలు మామూలుకన్నా తక్కువ వస్తాయి, ఒక్కోసారి రిలే కూడా టక్కుమనదు. కంగారు పడకండి. రిలేకు ముందు, యాంప్లిఫయర్ బోర్డు చివర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే హాయి. వోల్టు దాటితే ఆ ఛానల్‌కు స్పీకర్ తగిలించవద్దు. 1970ల తొలినాళ్ల కొన్ని పెట్టెల్లో రిలే ఉండదు, దాని బదులు ఛానల్‌కు ఒక పెద్ద అవుట్‌పుట్ కెపాసిటర్ ఉంటుంది. వాటిలో ఆ కెపాసిటర్‌కు ముందు సరఫరాలో సగం వోల్టేజీ కనిపించడమే సరైన స్థితి.

డీసీ అంతా సరిగ్గా ఉండి కూడా శబ్దం లేకపోతే, ట్రాన్సిస్టర్లను వదిలేసి శబ్దం నడిచే దారి వెతకండి. ఇన్‌పుట్ దగ్గర చిన్న కెపాసిటర్, తెగిన తీగ, బీటవారిన టంకం. పెద్ద పార్టుల కాళ్ల చుట్టూ, వేడిని బయటికి పంపే లోహపు పలకకు (వేడి పలక) బిగించిన ట్రాన్సిస్టర్ల దగ్గర వెంట్రుకంత సన్నని ఉంగరం లాంటి బీట పడుతుంది. పాట పెట్టి, ఎండిన వెదురు పుల్లతో బోర్డును అక్కడక్కడా మెల్లగా తట్టండి. తట్టినప్పుడు శబ్దం వచ్చిపోతుంటే ఆ చోట పాత టంకం తీసేసి కొత్తది వేయండి.

ప్రీయాంప్లిఫయర్‌లో శబ్దాన్ని వెంబడించడం

ప్రీయాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ పోయినా రిలేకు తెలియదు. మధ్యలో ఉన్న కెపాసిటర్లు నేరు కరెంటును ఆపేస్తాయి. కాబట్టి ఇక్కడ వెతకడమే దారి. ఫోనులో ఏదైనా టోన్ యాప్‌తో 400 హెర్ట్జ్ కూత రెండు ఛానళ్లకూ ఆక్స్ ద్వారా ఇవ్వండి. మీటరును ఏసీ వోల్టుల దగ్గర పెట్టి, నల్ల తీగను చట్రానికి తగిలించండి. ఎర్ర తీగకు వరసగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి కలపండి. లేకపోతే చవక మీటర్లు డీసీని కూడా కలిపి తప్పు అంకె చూపుతాయి. 400 హెర్ట్జ్ కన్నా ఎక్కువ పౌనఃపున్యం వద్దు, మామూలు మీటర్లు అక్కడ సరిగ్గా కొలవలేవు.

ఇక ఆక్స్ సాకెట్ నుంచి బయలుదేరండి. సాకెట్, సెలెక్టర్, టేప్ మానిటర్, బ్యాలెన్స్, వాల్యూమ్, టోన్ బోర్డు, ప్రీ అవుట్. ప్రతి మజిలీలో మొదట బాగున్న పక్క కొలిచి, వెంటనే రెండో పక్క అదే చోట కొలవండి. కుడిలో 200 మిల్లీవోల్టులు ఉండి ఎడమలో కూడా అంతే ఉంటే ముందుకు నడవండి. ఎడమ అంకె సున్నాకు పడిపోయిన మొదటి చోటుకూ, దాని ముందు చోటుకూ మధ్యనే లోపం ఉంది. చివర నుంచి కాకుండా మధ్యలో, వాల్యూమ్ దగ్గర మొదలుపెడితే సగం దారి ఒక్క కొలతతో తప్పుతుంది.

ఆ చోట రెండు రకాల దోషులు దొరుకుతారు. ఒకటి, ఎండిపోయిన 1 నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. దాని ముందు కూత ఉంటుంది, వెనక ఉండదు. రెండోది, చిన్న ట్రాన్సిస్టర్. మూడు కాళ్ల దగ్గరా డీసీ కొలిచి రెండో ఛానల్‌తో పోల్చండి. బేస్‌కు, ఎమిటర్‌కు మధ్య 0.6 వోల్టు దగ్గర లేకపోతే అనుమానించండి. 2ఎస్‌సి458 వంటి పాత జపాన్ ట్రాన్సిస్టర్ల కాళ్లు నల్లబడి ఉంటాయి. అవి పూర్తిగా పోకముందు చిటపటలాడతాయి కూడా.

పార్టు మార్చేటప్పుడు

దుకాణంలో బీసీ547 ఇస్తారు, ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి. దాని కాళ్ల వరస కలెక్టర్, బేస్, ఎమిటర్. జపాన్ పార్టుల్లో ఎక్కువ వాటిది ఎమిటర్, కలెక్టర్, బేస్. చూడకుండా వేస్తే పోయినట్టే. పైగా బీసీ547 తట్టుకునేది 45 వోల్టులు మాత్రమే. కేఎస్‌సీ1845 అయితే కాళ్ల వరస కలుస్తుంది, శబ్దం కూడా నిర్మలంగా ఉంటుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ధర మరీ తక్కువ చెబితే కొనకండి. అవుట్‌పుట్‌వి జతగా మార్చండి. ట్రాన్సిస్టర్ కింద కరెంటు దాటకుండా ఉంచే అభ్రకం రేకు చిరగకుండా, దానికి రెండు వైపులా పలచగా థర్మల్ పేస్టు రాసి బిగించి, ట్రాన్సిస్టర్ ఒంటికీ వేడి పలకకూ మధ్య మీటరు మోగడం లేదని చూసుకోండి.

కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చేయాలని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. మూడు మార్చి ఆన్ చేసి వినడం, మరో మూడు మార్చడం, ఇదే మేలు. అరవై ఒకేసారి మార్చి ఒకటి తలకిందులుగా వేస్తే అసలు లోపం, మీరు చేసిన లోపం కలిసిపోతాయి. పాతదానికి సమానమైన మైక్రోఫారడ్, సమానమైన లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల వేడికి తట్టుకునేది తీసుకోండి.

పని అయ్యాక మళ్లీ సీరీస్ బల్బు మీద ఆన్ చేసి, మసకబారాక నేరుగా ఇవ్వండి. పది నిమిషాలు వదిలి రెండు ఛానళ్ల డీసీ కొలవండి. వేడి పలకలు రెండూ చేత్తో తాకితే ఒకే వెచ్చదనం ఉండాలి. మొదట, పోయినా బాధలేని పాత స్పీకర్ ఒకటి తగిలించి విని, ఆ తర్వాతే మీ అసలు స్పీకర్లు పెట్టండి. బీచ్ వైపు కిటికీ పక్కన రిసీవర్‌ను ఉంచకండి. ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ లోపలే ఆగుతుంది, నూలు గుడ్డ కప్పండి. వారానికి ఒకసారి గంటసేపు పాడించి, టేప్ మానిటర్ మీటను నాలుగుసార్లు ఆడించండి.

మూత బిగించే ముందు లోపల ఒక చీటీ అతికించండి: తేదీ, ఏ స్విచ్ కడిగారు, ఏ పార్టు మార్చారు, సరఫరా వోల్టేజీ, రెండు ఛానళ్ల డీసీ. సిరా తేమకు చెదిరిపోతుంది, పెన్సిల్‌తో రాయండి. మా బాబాయి రిసీవర్ అడుగు పలక మీద ఎప్పుడో ఎవరో మెకానిక్ పెన్సిల్‌తో రాసిన ‘36.5’ ఉంది. ఆ రోజు నా మీటరు 36.8 దగ్గర ఆగింది. దాని కిందే నా అంకె రాసి మూత బిగించాను.